కోటయ్య కిర్రు చెప్పులు

1962 జూన్‌లో నన్ను నరసరావుపేటకు కొద్ది దూరంలో ఉన్న ఒక కుష్ఠువ్యాధి ఆస్పత్రిలో ఫిజియోథెరపీ టెక్నీషియన్‌గా వేశారు. డాక్టరమ్మ కింద ఒక సూపర్‌వైజరు, ఆయన కింద నేను, నా కింద ఎవరూ లేరు. చెప్పుల వర్క్‌షాపు మాత్రం నా అజమాయిషీలో ఉంటుందని ఉత్తర్వులో రాశారు. అక్కడి మేస్త్రీ జకరయ్య నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు కాబట్టి, ఎవరు ఎవరిని అజమాయిషీ చేశారో చెప్పనక్కర్లేదు.

ఆస్పత్రిలో చెప్పుల వర్క్‌షాపు ఎందుకని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ జబ్బు నరాన్ని దెబ్బతీస్తే అరికాలికి స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, ఎండకు కాలిన నాపరాయి మీద నిలబడినా మనిషికి తెలియదు. తెలియక అదే కాలితో నడుస్తాడు, పుండు పడుతుంది, ఎముకదాకా పోతుంది, చివరికి కాలు తీసేయాల్సి వస్తుంది. మాత్రలతో జబ్బు తగ్గుతుంది గానీ పోయిన స్పర్శ తిరిగి రాదు. అందుకని ఆ కాలికి ఎలాంటి చెప్పు ఉండాలన్నదే మా పరిశోధన. కోడి ఈకతో, బాల్‌పెన్ను మొనతో అరికాలు తాకి ఎక్కడ స్పర్శ ఉందో, ఎక్కడ లేదో గుర్తు పెట్టేవాళ్ళం. సిరా పూసిన రబ్బరు చాప మీద నడిపించి, కింద కాగితం మీద ఎక్కడ నల్లగా పడితే అక్కడ బరువు ఎక్కువ పడుతోందని లెక్క వేసుకునేవాళ్ళం. దాన్ని బట్టి పైన మెత్తటి స్పాంజి రబ్బరు, కింద లారీ టైరు ముక్క పెట్టి జకరయ్య చెప్పులు కుట్టేవాడు. మేకు ఒక్కటి కూడా కొట్టకూడదన్నది మొదటి నియమం. మడమ వెనక పట్టీ, బకిలు తప్పనిసరి అన్నది రెండోది. మొద్దుబారిన కాలికి చెప్పు జారిపోయిన సంగతి కూడా తెలియదు. ఒక చెప్పు వదిలేసి ఫర్లాంగు దూరం నడిచిపోయినవాళ్ళను నేనే చూశాను.

చెప్పులు బాగానే ఉండేవి. వేసుకునేవాళ్ళే లేరు. ఆరు నెలల తర్వాత తనిఖీకి తెస్తే కొట్లోంచి అప్పుడే తీసినట్టు నిగనిగలాడేవి. ఆస్పత్రి గేటు దగ్గర వేసుకుని వచ్చి, వెళ్ళేటప్పుడు గేటు దాటగానే సంచిలో పెట్టేసుకునేవాళ్ళు. నల్ల రబ్బరు, వెనక పట్టీ చూస్తే పల్నాడులో చిన్నపిల్లలు కూడా ఆస్పత్రి చెప్పులని గుర్తుపట్టేసేవాళ్ళు. చెప్పుల్ని గుర్తుపడితే జబ్బును గుర్తుపట్టినట్టే.

వీళ్ళందరిలో నన్ను ఎక్కువ ఏడిపించినవాడు కోటయ్య. పేరు మార్చాను, మిగతాదంతా జరిగిందే. రొంపిచెర్ల వైపు మనిషి, పశువుల బేరగాడు. నలభై దాటిన వయసు, మెలితిప్పిన మీసం, నవ్వితే వార్డంతా నవ్వించే నోరు. మూడేళ్ళు మాత్రలు మింగాడు. ఇంకొకరికి అంటుకునే భయం ఏమీ లేదని డాక్టరమ్మ స్వయంగా చెప్పింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. కుడికాలు అరిపాదం మాత్రం మొద్దుబారిపోయింది. అప్పటికి రెండుసార్లు పుండు పడితే పిండికట్టు వేసి మాన్పారు. మూడోసారి పడితే కాలు తీసేయడం తప్ప తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ అతనికి నా ఎదుటే చెప్పింది.

కోటయ్య ఆ మాట శ్రద్ధగా విని, మా చెప్పుల్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఇయ్యి ఏసుకుంటే కాలుంటది డాక్టరమ్మా, ఒప్పుకుంటా. కానీ నా తువ్వాలు కింద చెయ్యెవుడు పెడతాడు?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు, ఆమెది మా వైపు కాదు. నేను వివరించాను. పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. బేరగాడు భుజం మీది తువ్వాలు పరుస్తాడు, దాని కింద అతని చేయీ కొనేవాడి చేయీ కలుస్తాయి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. కోటయ్యకు పెద్దరోగమని తెలిసిన రోజున ఆ తువ్వాలు కింద చేయి పెట్టేవాడు ఉండడు. చెప్పులు వేసుకుంటే బతుకుతెరువు పోతుంది, వేసుకోకపోతే కాలు పోతుంది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది.

మరి ఎలాంటి చెప్పులైతే వేసుకుంటావు బాబాయ్ అని నేను విసుగ్గానే అడిగాను. కోటయ్య దానికోసమే కాచుకున్నట్టు చెప్పాడు.

"పట్టీ ఉండగూడదు. తోలు కనపడాల. నడుస్తంటే కిర్రుమనాల. కిర్రు లేకపోతే బేరగాడు వచ్చాడని ఎవురికి తెలుస్తదయ్యా?"

సూపర్‌వైజరు ఇది షోకు అని కొట్టిపారేశాడు. నాకూ అలాగే అనిపించింది గానీ, మరుసటి వారం సంతకు వెళ్ళి చూశాను. సాగరు కాలువ తవ్వకాల రోజులు, మట్టి తోలే బండ్లకు ఎడ్లు కావాలి, సంత కిక్కిరిసి ఉంది. జనం మధ్యలోంచి కిర్రు కిర్రుమని ఒక చప్పుడు వస్తుంటే రైతులు తలతిప్పకుండానే పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. ఆ చప్పుడు వెనకాల మా కోటయ్య పెళ్ళికొడుకులా నడిచి వస్తున్నాడు. ఆ చెప్పుల కింద వరసగా మేకులు. అయినా ఆ నడక చూశాక, ఆ మనిషికి రబ్బరు పట్టీ తగిలించే ధైర్యం నాకు కలగలేదు.

వచ్చి జకరయ్యకు చెప్పాను. మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. ఆస్పత్రిలో చేరినప్పటినుంచీ నల్ల రబ్బరు కోసి కోసి ఆయనకు విరక్తి పుట్టింది. పనిలో దిగాం. కిర్రు రావాలంటే నూనె తగలని ఎండు తోలు పొరలు ఒకదాన్నొకటి రాసుకోవాలి. మా చెప్పులో పైనున్న స్పాంజి రబ్బరు ఆ చప్పుడును మింగేస్తోంది. మొదటి జత అసలు పలకలేదు. రెండో జత ఎలుకలా కీచుమంది. మూడో జత వేసుకుని నేను వరండాలో నడిస్తే, ఆపరేషన్ గదిలో ఉన్న డాక్టరమ్మ కిర్రుమంటున్న ఆ తలుపేదో, దానికి నూనె వేయించమని కబురు పంపింది. ఆ రోజు జకరయ్య, నేను తోలు ముక్కల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. చివరికి మధ్యలో రెండు తోలు పొరలు జిగురు పెట్టకుండా వదిలి, అంచుల చుట్టూ మాత్రం దారంతో కుడితే అసలైన కిర్రు వచ్చింది. పైన మెత్తదనం అలాగే ఉంది, కాగితం మీద పాదం గుర్తు సమంగా పడింది, మేకు లేదు. ముందు భాగంలో పూల చెక్కడంతో ఎర్రతోలు పట్టీ వేశాడు మేస్త్రీ. అది ఎవరూ అడగలేదు.

వెనక పట్టీ లేకపోవడం దగ్గర డాక్టరమ్మ గట్టిగా అడ్డుపడింది. చెప్పు జారితే ఈయనకు ఎలా తెలుస్తుందని అడిగింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. వారం వారం వచ్చి కాలు చూపించాలి, అరికాలిలో ఎర్రమచ్చ కనిపిస్తే ఆ రోజే పాత చెప్పులకు మారాలి. కోటయ్య ఆమె బల్ల మీద చేయి వేసి ఒట్టు పెట్టాడు. వెళ్ళేటప్పుడు వరండా పొడవునా కావాలని రెండుసార్లు అటూ ఇటూ నడిచి, వార్డు వాళ్ళందరికీ వినిపించి మరీ వెళ్ళాడు.

నెల గడిచింది, మచ్చ పడలేదు. అప్పుడే వానలు మొదలయ్యాయి, ఆస్పత్రికి పాడి ఆవు కొనడానికి నన్ను సంతకు పంపారు. బేరం కోటయ్యదే. ముందురోజు వాన కురిసింది, నల్లరేగడి నేల పిండిముద్దలా ఉంది. ఆవును చూపించడానికి అతను ముందు నడుస్తున్నాడు, నేను దూరంగా కట్టేసి ఉన్న ఆవు కొమ్ముల వైపు చూసుకుంటూ వెనక వస్తున్నాను. దారిలో ఎడ్లకు నాడాలు కొట్టేవాళ్ళ చోటు ఉంది. పాత మేకులు, విరిగిన నాడాలు బురదలో పడి ఉంటాయి. దానికి నాలుగు బారల ఇవతల కోటయ్య ఉన్నట్టుండి నిలబడిపోయాడు. కుడికాలు ఎత్తి, కొంగలా ఒంటికాలి మీద నిలబడి, ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచాడు.

"ఏంది బాబాయ్?" అన్నాను.

"ఒక కాలు పలకట్లా" అన్నాడు.

వెనక్కి చూస్తే కుడిచెప్పు బురదలో దిగబడి ఉంది. అతను కిందికి చూడలేదు, పాదానికి తెలిసే వీలు లేదు. రెండు కిర్రుల్లో ఒకటి ఆగిపోయిందని చెవి చెప్పింది. నేను పరుగెత్తుకెళ్ళి చెప్పు లాగి తుడిచి తెచ్చిచ్చాను. అతను వేసుకుని ఒక అడుగు వేసి, కిర్రుమనగానే తల ఊపాడు. నెల రోజులుగా ఇలాగే చూసుకుంటున్నానని, గట్టిగా అడుగు పడితే మోత మారుతుందని, అప్పుడు మెల్లగా నడుస్తానని మామూలు విషయంలా చెప్పాడు.

"నా కాలు పోయి నా చెవిలో కూచుంది బాబూ."

ఆ నాలుగు బారల దూరంలోని మేకుల వైపు చూశాను. తర్వాత ఆనందం ఆపుకోలేక ఆ బురదలోనే అతన్ని కావలించుకున్నాను. బేరగాడూ కొనేవాడూ ముందే ఒకటైపోయారని పక్కనున్న రైతులు ఎకసెక్కం చేశారు. కోటయ్య వాళ్ళ నోరు మూయించడానికి తువ్వాలు పరిచాడు. దాని కింద నేను చేయి పెట్టాను. ఇంత జరిగాక కూడా నా వేళ్ళు గట్టిగా నొక్కి, ఆస్పత్రి మనిషినని చూడకుండా ఆవును తన ధరకే అమ్మాడు.

తిరిగి వచ్చి చెబితే డాక్టరమ్మ నమ్మలేదు. తర్వాతి వారం కోటయ్యను వరండాలో నడిపించి, వెనకనుంచి తనే స్వయంగా చెప్పు లాగేసింది. రెండో అడుగుకే కోటయ్య ఆగి, వెనక్కి తిరక్కుండానే, "డాక్టరమ్మా, నా చెప్పియ్యి" అన్నాడు. ఆమె అంతగా నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను. వెనక పట్టీ చేసే పని కిర్రు కూడా చేస్తుందని ఒప్పుకుని, ఇంకొందరికి అలాంటివే కుట్టించింది. ఆ చెప్పులు పాతబడి తిరిగి రావడం మొదలైంది. అరిగిన టైరు ముక్కను వేలితో తడుముతూ జకరయ్య ఎంత సంబరపడేవాడో మాటల్లో చెప్పలేను. ఆవును అమ్మిన చోట మేస్త్రీ కుట్టిచ్చాడని కోటయ్య సంతలో చెప్పుకున్నాడట, ఏడాది తిరక్కుండానే జబ్బూ గిబ్బూ లేని రైతులు గేటు దగ్గరికి వచ్చి, కోటయ్య వేసుకున్నలాంటివి మాకూ కుట్టిపెడతారా అని అడిగారు. డాక్టరమ్మ కాదనలేదు. ఆ తర్వాత చెప్పుల్ని బట్టి జబ్బును పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఈ వృత్తిలో ముప్పై ఏళ్ళకు పైగా చేసినవాటిలో కొన్ని పనికొచ్చాయి, చాలా వరకు మూలపడ్డాయి. కోటయ్య తర్వాత నేను కొలతలు తీసుకునేముందు కాలు చూడటం మానేశాను. దీన్ని వేసుకుని ఎక్కడికి వెళ్తావని ముందు అడిగేవాణ్ణి. ఆ జవాబును బట్టి పరికరం చేసేవాణ్ణి. మా సూపర్‌వైజరు షోకు అన్నది పరికరంలో సగం పని చేస్తుందని నాకు తెలిసింది అక్కడే.

నా పదవీ విరమణ రోజున ఆ ఆస్పత్రిలోనే నా గదిలో కాగితాలు అప్పగిస్తున్నాను. వరండా చివరనుంచి కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చింది. తల ఎత్తకుండానే డెబ్బై దాటిన కోటయ్యను గుర్తుపట్టాను. రెండు కాళ్ళూ పలుకుతున్నాయి.