పసరు కలిపిన మజ్జిగ

ఎవరైనా నన్ను పుణ్యాత్మురాలు అన్నప్పుడల్లా నేను తల దించుకుంటాను. ఏళ్లుగా ఇంతే. చూసేవాళ్లు అది వినయం అనుకుంటారు. భయం. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో ఈ మాట అనగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచి, మంచినీళ్లు అడిగి ఊరుకున్నాను.

మాది ప్రొద్దుటూరు. బట్టల వ్యాపారం, మేడ, వంటమనిషి, కారు. దేవుడు నాకు ఏదీ తక్కువ చేయలేదు. ఆ మాట ఇప్పటికీ రోజూ పూజలో చెప్పుకుంటాను. భర్త పోయి, పిల్లలు స్థిరపడ్డాక, ఇన్ని ఇచ్చినవాడికి నేనేం తిరిగి ఇచ్చానన్న ఆలోచన పట్టుకుంది. మా గురువుగారి మనుషులు ఆఫ్రికాలో ఒక చిన్న ఊళ్లో పేదపిల్లల ఆశ్రమం నడిపేవారు. అన్నీ వదిలి అక్కడికి వెళ్లాను. పులివెందుల నుంచి వచ్చిన నర్సు రమణమ్మక్క అప్పటికే అక్కడ ఉంది. మొదటిరోజు నేను గిన్నెలు తోముతుంటే వచ్చి నిలబడి, "సూడండప్పా, ప్రొద్దుటూరు రాణెమ్మ మసి తోముతాంది! ఆ ఉంగరాలన్నా తీసిపెట్టు మ్మే, అరిగిపోతాయి" అని నవ్వింది. ఆమె తోడు దొరికినందుకు కూడా దేవుడికి దండం పెట్టుకున్నాను.

గ్రేస్ అక్కడి వంటామె కూతురు. పాలపళ్లు ఊడుతున్న వయసు. ఎప్పుడూ నా వెనకే. నేను దీపం పెడితే పక్కన చేతులు జోడించి కూర్చునేది. ఒక వారం ఆ పిల్ల కళ్లు పచ్చబడ్డాయి. సోమవారం వ్యాను వస్తుంది, ఆసుపత్రికి తీసుకుపోదాం, అంతవరకు పడుకోనివ్వండి అంది రమణమ్మక్క.

సోమవారం దాకా ఆగి ఉంటే సరిపోయేది. ఎందుకు ఆగలేదు నేను?

నా పుట్టిల్లు జమ్మలమడుగు. మా అవ్వ కామెర్లకు ఆకుపసరు ఇచ్చేది. ఆదివారం పొద్దున గండికోట వైపు పల్లెల నుంచి కూడా జనం వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. ఎండ రాకముందే ఆకు కోసి, నూరి, మజ్జిగలో కలిపి తాగించాలి. ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు, చెబితే మందు పనిచేయదంటారు. నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు, అవ్వ ఈ పసరు నేర్పింది. చదువుకన్నా ఇదే నాకు గర్వం. ఆశ్రమం కంచె పక్కన అదే ఆకు కనిపించినప్పుడు, దేవుడే మొలిపించాడని కళ్లకద్దుకున్నాను. నలిపి వాసన చూశాను. కొంచెం తేడాగా ఉంది. పరాయి మట్టి కదా, అందుకేలే అనుకున్నాను. తేడా ఉందని నాకు తెలిసింది. తెలిసీ నూరాను.

ఆదివారం పొద్దున గ్రేస్ ముఖం చిట్లించి, నా కోసం గడగడా తాగేసింది.

ఎండ ముదిరేసరికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత పిలిస్తే పలకలేదు. కూరగాయల లారీ ఒకటి ఆపి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు లోపల ఉన్నాడు. రమణమ్మక్క బయటికి వచ్చి నా భుజం పట్టుకుంది.

"నిజం జెప్పు మ్మే. పొద్దున బిడ్డకు ఏమన్నా తాపినావా? నీ శేతిలో గ్లాసు సూసినా."

"మజ్జిగక్కా."

"ఉట్టి మజ్జిగేనా?"

"ఉట్టి మజ్జిగే."

"కడుపులో ఏం పడిందో తెలిస్తే దానికి తగ్గ మందు ఏస్తానంటాండాడు డాక్టరు. తెలీకుంటే నేనేం జేసేదని అడుగుతాండాడు. బాగా గ్యాపకం జేసుకో."

"నాకేం తెలుసక్కా."

ఆకు పేరు చెప్పకూడదని అవ్వ పెట్టిన కట్టు నా నాలుకను ఆపిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ క్షణంలో అవ్వ గుర్తుకే రాలేదు. కళ్ల ముందు కదిలింది పరాయి దేశపు పోలీసులు, భాష తెలియని జైలు, ప్రొద్దుటూరులో మా వాకిట్లో గుమిగూడే జనం. చెప్పి ఉంటే బతికేదా? తెలియదు. పసరు తీసుకుపోయిందా, కామెర్లే తీసుకుపోయాయా? అదీ తెలియదు. తెలియకుండా చేసింది మాత్రం నేనే.

సాయంత్రానికి గ్రేస్ పోయింది.

నేను చేసింది అక్కడితో ఆగలేదు. తల్లి నేల మీద కూలబడి, రాత్రి మిగిలిన చిక్కుడుగింజల కూర పొద్దున బిడ్డకు పెట్టానని, అది పాడైపోయి ఉంటుందని, తానే చంపుకున్నానని ఏడ్చింది. అందరూ అదే నిజమనుకున్నారు. నేనూ తల ఊపాను. ఆమెను దగ్గరికి తీసుకుని ఓదార్చాను కూడా. ఆమె నా చేతులు ముద్దు పెట్టుకుంది.

తిరిగి వచ్చాక నాకు శాలువా కప్పారు. సుఖాలు వదులుకుని సముద్రాలు దాటిన తల్లి అని మైకులో అన్నారు. వంగి అందరికీ దండం పెట్టాను.

రమణమ్మక్క ఇప్పుడు పులివెందులలో ఉంటోంది. ఫోనులో ఆమె పేరు కనిపిస్తే రెండుమూడుసార్లు మోగనిచ్చి గానీ ఎత్తను, ఈసారి తెలిసిపోయిందేమోనని. మొన్న చేసి, "గ్రేసు వాళ్లమ్మ ఇంగా పొయ్యి కాడికి పోలేదంట మ్మే. వాకిలి ఊడ్సుకుంటాందంట. నా శేతి కూడు తిని నా బిడ్డే సచ్చింది, ఇంకోళ్ల బిడ్డలకు ఎట్ల పెట్టేదంటాందంట. ఎవురు జెప్పినా ఇనదంట" అంది. నేను అయ్యో అన్నాను. అంతే అన్నాను.

గ్రేస్ తల్లికి చేరాల్సిన మాట ముందుగా మీకు రాస్తున్నాను. ఆమె దాకా చేర్చే ధైర్యం వస్తుందో రాదో. ఇది రాస్తున్నప్పుడు కూడా వాకిట్లో ఎవరో తలుపు కొట్టినట్టయి లేచి చూసి వచ్చాను. ఎవరూ లేరు. దేవుణ్ణి క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. అయినా, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటను చెప్పబోతుంటే, ఇన్నేళ్ల తర్వాత ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.

ఆ పొద్దున గ్రేస్ వాళ్లమ్మ పెట్టిన ఆ చిక్కుడుగింజల కూర రెండు ముద్దలు తిని వద్దంది. అన్నం పారేయకూడదని పెరిగినదాన్ని. గిన్నెలో మిగిలిందంతా, ఎవరూ చూడకుండా, నేనే తిన్నాను. ఈ ఒక్క మాట ఆసుపత్రిలో చెప్పి ఉంటే, కూర కాకపోతే ఇంకేమిటని అందరూ నా వైపు తిరిగేవారు. అందుకే చెప్పలేదు.

కూర రుచిగా ఉంది. పాడవలేదు. నాకేమీ కాలేదు.