విమలక్క గడియ పెట్టని తలుపు

నిన్న పొద్దున మునెమ్మ ఫోన్ చేసింది. విమలక్క ఇంట్లో వంట చేసే మనిషి.

"అక్క లేస్తా లేదప్పా. బిన్నా రా."

మా టవర్ నుంచి వాళ్ల టవర్‌కి పరుగెత్తాను. అప్పటికే అయిపోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్.

ఇప్పుడిది రాస్తున్నాను.

బాధతో కొంత. రోతతో ఎక్కువ.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. విమలక్క సోషియాలజిస్ట్. నా ఫస్ట్ బాస్. బెంగళూరు బస్తీల్లో ఎవరికి ఏ జబ్బు ఎందుకొస్తోందో ఇల్లిల్లూ తిరిగి అడగడమే ఆమె కెరీర్. రిటైరయ్యాక మహదేవపురలో మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఫ్లాట్ కొనుక్కుంది.

ఒకరోజు మునెమ్మ జ్వరంతో కిచెన్‌లో కూలబడింది. మళ్లీ యూరిన్ ఇన్ఫెక్షన్. నీళ్లు తాగవా అని అడిగింది అక్క.

"తాగితే యాడికి పోవాలక్కా? పొద్దున చేసే ఇండ్లల్లో ఎవురూ బాత్రూమ్‌కి పోనీరు. మీ ఇంటికొచ్చేలోగా సగం దినం అయిపోతాది."

తర్వాత అక్క నాతో అంది: "ఊరంతా తిరిగాను రా. నా గుమ్మం ముందున్న జబ్బు నాకు కనపడలేదు."

అసోసియేషన్ మీటింగ్‌లో లేచి, పనివాళ్లకి బేస్‌మెంట్‌లో ఒక టాయిలెట్ కట్టిద్దామంది.

"హైజీన్ ఇష్యూ అవుతుంది మేడమ్" అన్నాడు సెక్రటరీ.

"మీ చపాతీ పిండి కలిపే చేతులే కదండీ అవి. అప్పుడు గుర్తురాని హైజీన్ ఇప్పుడెందుకొచ్చింది?"

ఓటింగ్‌లో ఆమె చెయ్యి, నా చెయ్యి తప్ప ఇంకొకటి లేవలేదు.

మర్నాటి నుంచి అక్క పగలంతా తలుపుకి గడియ పెట్టడం మానేసింది. పొద్దున్నే అన్నిటికన్నా ముందొచ్చి తెరవమని మునెమ్మకి ఒక తాళంచెవి ఇచ్చింది. గుమ్మం పక్క బాత్రూమ్ పనివాళ్లందరిదీ అయింది. బయటివాళ్లను రానిస్తున్నారని అసోసియేషన్ వాళ్లు నోటీసు ఇచ్చారు. చదివి పక్కన పడేసింది.

ఒకసారి ఏదో ఫారిన్ యూనివర్సిటీకి వీడియో కాల్‌లో లెక్చర్ ఇస్తుంటే వెనకాల ఫ్లష్ శబ్దం. సారీ అనలేదు. మ్యూట్ చేయలేదు. అది ఆగేదాకా ఆగి, కంటిన్యూ చేసింది.

నిన్న అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అదే సెక్రటరీ పోస్ట్ పెట్టాడు. "మేడమ్ మన కమ్యూనిటీకి మనస్సాక్షి" అట. కింద వరసగా దండం ఎమోజీలు.

కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. "సర్, బాడీని సర్వీస్ లిఫ్ట్‌లో దించండి. మెయిన్ లిఫ్ట్‌లో అయితే పిల్లలు భయపడతారు."

పనివాళ్లని, చెత్త డబ్బాలని ఎక్కించే లిఫ్ట్ అది. నేను అరవబోయాను.

మునెమ్మ ఆపింది.

"ఉండనీప్పా. మాతోనే వస్తాది అక్క."

స్ట్రెచర్ చుట్టూ మునెమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు ఒదిగి నిలబడ్డారు. నాకు చోటు లేదు. మెట్లు దిగి వెళ్లాను.

ఈ సాయంత్రం క్లబ్‌హౌస్‌లో సంతాప సభ. నన్ను మాట్లాడమన్నారు. రానని చెప్పేశాను. ఆ నోళ్ల మధ్య కూర్చుని ఆమె పేరెత్తడం నా వల్ల కాదు.

వెళ్లిరా అక్కా.

మాకీ రోత ఇప్పట్లో పోదు. నువ్వు మాత్రం ప్రశాంతంగా పడుకో.