లోయలోకి దించిన నీళ్లు

కథలు అల్లే అలవాటు నాకు లేదు. ఎవరి మీద ప్రమాణం చేయమన్నా చేస్తాను. ఆ రాత్రి నేను తాగి లేను, జ్వరంతో లేను, నిద్రమత్తులోనూ లేను. సురేంద్ర మాత్రం ఇప్పటికీ అందరితో "వానికి ఎండదెబ్బ తగిలినాది" అనే చెప్తున్నాడు. చెప్పుకోనీ. విన్నది నేను.

మాది పూతలపట్టు. ఉద్యోగం శ్రీ సిటీలో. సెలవు దొరికితే కొండల్లో పరుగెత్తడం నాకు పిచ్చి. ఆ పిచ్చి అంటించింది కాలేజీ స్నేహితుడు సురేంద్రే. తిరుపతి వెనక, శేషాచలం అడవి అంచున ఏటా పరుగు పందెం పెడతాడు. తెల్లవారుజామున బయల్దేరితే, నిదానంగా పరుగెత్తేవాళ్లు కొండ దిగేసరికి చీకటి పడిపోతుంది.

ఆ ఏడు నన్ను అందరికన్నా వెనక రమ్మన్నాడు. దారి గుర్తుకు కొమ్మలకు కట్టిన రిబ్బన్లు విప్పుకుంటూ, కొండ మీద ఎవరూ మిగల్లేదని చూసుకుంటూ దిగాలి. అదే నా పని.

తిండి ఏర్పాటు కూడా నాదే. కొండల్లో గంటల తరబడి పరుగెత్తేవాడికి ఒక్క తీపే పెడితే కడుపులో తిప్పుతుంది. చెమటతో ఉప్పంతా పోతుంది కదా... అందుకే రాగి లడ్లు, అరటిపండ్లతో పాటు ఉప్పు మజ్జిగ, చింతపండు ఉండలు పెట్టించాను. ఉడకబెట్టిన చెనక్కాయలు కూడా పెడదామన్నాను. తొక్కలు అడవిలో పారేస్తారని సురేంద్రే వద్దన్నాడు. కాబట్టి ఆ రోజు కొండ మీద మా చెనక్కాయ ఒక్కటి కూడా లేదు.

చివరగా పరుగెత్తుతున్నది చిత్తూరు నుంచి వచ్చిన ఒక మాస్టారు. మోకాలు పట్టేసి మధ్యలోనే ఆగిపోయాడు. మట్టిరోడ్డు దాకా జీపు వచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయింది. కాసేపటికి సురేంద్ర ఫోన్ చేశాడు.

"అందురూ వచ్చేసినారప్పా. కొండమీద ఇంక నువ్వొక్కనివే. బిరీన దిగిపో."

దిగుతున్నాను. తలకు కట్టుకున్న లైటు తప్ప వెలుగు లేదు. చుట్టూ కీచురాళ్ల రొద. కాలి కింద ఏదో మెత్తగా నలిగింది. వంగి చూశాను. చెనక్కాయ తొక్క. ఉడికినది... ఇంకా తడిగా ఉంది. చేతిలోకి తీసుకున్నాను.

వేడిగా ఉంది.

చుట్టూ చూశాను. మంట లేదు, పొగ వాసన లేదు. ముందు మలుపు అవతల... టప్. కాయ ఒలిచిన చప్పుడు. కాసేపాగి మళ్లీ... టప్.

"ఎవరప్పా అది?" అన్నాను.

చప్పుడు ఆగిపోయింది. కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. 

మలుపు తిరిగాను. ఎవరూ లేరు. దారి పొడవునా తొక్కలు... అక్కడొకటి, ఇక్కడొకటి... లోయ అంచు దాకా. అక్కడితో సరి. అంచు దగ్గర నిలబడి కిందికి లైటు వేశాను. నిట్టనిలువు బండ. దాని కింద చెట్ల తలలు. కాలు పెట్టే చోటు లేదు.

అక్కడి నుంచే వినిపించింది.

"తణ్ణీ..."

అరవంలో నీళ్లు అడుగుతోంది. మగగొంతో ఆడగొంతో తెలియలేదు. ఎండిపోయిన గొంతు. దూరంగా కాదు... నా కాళ్లకు కొంచెం కిందగా.

"యాడుండావు? నీళ్లిస్తా, ఉండు," అన్నాను.

విప్పుకొచ్చిన రిబ్బన్లన్నీ ఒకదానికొకటి ముడేశాను. చివర నా నీళ్ల సీసా కట్టాను. మెల్లగా దించాను... ఇంకా దించాను... బండకు సీసా తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత అదీ ఆగిపోయింది.

చేతిలో బరువు తగ్గింది. తెగితే ఒక్కసారిగా పోవాలి కదా... అలా పోలేదు. కింద ఎవరో సీసాను అరచేతిలో మోసుకున్నట్టు... కొంచెం కొంచెంగా తగ్గింది.

పైకి లాగాను. రిబ్బన్ తెగలేదు. చివరి ముడి విప్పి ఉంది.

ఎలా దిగానో నాకు తెలియదు. కింద టెంటులో అందరూ భోజనాలు చేస్తున్నారు. సురేంద్రను పక్కకు పిలిచి చెప్పాను. రిబ్బన్ చూపించాను.

"కొమ్మకు తగులుకోని ఊడిపోయింటాది. మనోళ్లు అందురూ దిగినారు గదా," అన్నాడు.

"మనోళ్లు కాకపోతే మనిషి కాదా?"

వాడు గొంతు తగ్గించాడు. "తణ్ణీ అన్న్యాడంటే అరవోడే, ఎర్రచందనం దొంగతనంగా కొట్టేదానికి వచ్చినోడై ఉంటాడు. ఫారెస్టోళ్లకు చెప్తే వచ్చే ఏడు మనకు పర్మిషన్ ఇయ్యరు. నీకు దండం పెడ్తా, నోరెత్తద్దు."

అన్నవాడే వెళ్లి మైకు పట్టుకుని గెలిచినవాళ్ల పేర్లు చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను ఊరుకోలేదు. అప్పుడే ఫారెస్టు చెక్‌పోస్టుకు వెళ్లాను. చిరుతలు తిరిగే చోటికి రాత్రి పోలేమన్నారు. తెల్లవారాక ఇద్దరు గార్డులు నాతో వచ్చారు. దారిలో ఒక్క తొక్క కూడా లేదు. అంచు నుంచి తొంగిచూశారు. ఒకాయన నా మొహంలోకి చూసి, "రాత్రి ఏమన్నా తిన్న్యావా అబ్బా?" అన్నాడు. లోయలోకి దిగే దారి లేదన్నారు. వెనక్కి తిరిగారు.

సురేంద్ర నాతో మాట్లాడడం మానేశాడు. పందెం మాత్రం మళ్లీ జరిగింది. ఆ కొండ మీదే... ఆ దారినే.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమే అయి ఉండాలని కోరుకుంటాను. మనిషే అయితే... ఒక్క సీసా నీళ్లు ఎంతసేపు వస్తాయి?