సాంచాలు ఆపిన పొద్దు

సిరిసిల్లలో మా ఇంటి ముందు గది నిండా సాంచాలే, అంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే మేము గొంతు అరగదీసుకోం. పెదవులు కదిలిస్తాం, చెయ్యి ఊపుతాం, పని అయిపోతుంది.

మా బాబుకు అప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఏడుపు తప్ప వాడి నోట్లోంచి మరో చప్పుడు రాలేదు. నీళ్లు కావాలంటే నా ముందుకొచ్చి పెదవులు మాత్రం కదిపేవాడు, నేను గ్లాసు అందించేదాన్ని. వీడు మూగవాడేమోనని నాకు ఒకటే భయం. "మాట్లాడుతుండా?" అని ఎవరైనా అడగబోతే వాణ్ణి చంకనేసుకుని లోపలికి పోయేదాన్ని.

చివరికి కరీంనగర్‌ తీసుకుపోతే డాక్టర్లు వాడి చెవులు పరీక్షించి, బాగానే ఉన్నాయన్నారు. మాటలు నేర్పే మేడమ్ దగ్గర కూర్చున్నప్పుడు మా ఆయన తలుపు దగ్గర నిలబడి, బస్సుకు వేళయిందని పెదవులతోనే చెప్పాడు. ఆగమని నేనూ పెదవులతోనే అన్నాను. ఆమె మా ఇద్దరినీ చూసింది.

"ఇంట్ల గిట్లనే మాట్లాడుకుంటరా అమ్మా? పిల్లగాడు మిమ్ములనే చూసి నేర్చిండు. పెదవి కదిపితేనే నీళ్లు దొరుకుతుంటే ఇగ గొంతెందుకు? సాంచాలు బందు చేసి, చప్పుడొచ్చినంకనే ఇయ్యుండ్రి."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెత వచ్చి నా నెత్తినే పడింది, ఇక ఆ పెట్టని అమ్మను నేనే కావాలి.

మర్నాడు పొద్దున మా ఆయన సాంచాలు ఆపాడు. ఆ నిశ్శబ్దానికి బాబు బెదిరి నా చీర పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ వాడి గొంతు మోతలో నాకు వినపడటం లేదేమోనని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

గ్లాసు ఎత్తి పట్టుకున్నాను. వాడు పెదవులు కదిపాడు. ఇవ్వలేదు. మళ్లీ కదిపాడు, గ్లాసు కోసం ఎగిరాడు, చివరికి ఏడుపు అందుకున్నాడు.

"పసిపోరన్ని నీళ్లకు ఏడిపిస్తవా? పాపం తాకుతది," అంది మా అత్త.

"జర ఆగవ్వా," అన్నాడు మా ఆయన.

"అను బిడ్డా, అను," అంటూ నేనూ ఏడుస్తున్నాను. అసలు మాట్లాడే గొంతే లేకపోతే?

వాడి ఏడుపు ఆగింది. నా నోటినే చూస్తూ చెయ్యి చాపి, బొంగురుగా, "అను," అన్నాడు.

గ్లాసు ఇచ్చేశాను. చాలా రోజులు మా ఇంట్లో నీళ్ల పేరు అదే. దిద్దితే వాడు మళ్లీ ఎక్కడ నోరు మూసుకుంటాడోనని, నేను కూడా "అను తాగుతవా బిడ్డా" అనే అడిగేదాన్ని.