ఓడినవాళ్ళే చెప్పాలి

ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను. పంచాయతీ అంటే ఏమిటి, మునిసిపాలిటీ పనులేమిటి, ఓటు ఎవరికి ఉంటుంది అని పుస్తకంలో ఉన్నదంతా వాళ్ళ చేత అప్పజెప్పించాను. కానీ పదిమంది కలిసి ఒక పనిని ఎలా తేల్చుకుంటారో నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. కన్నడనాట కాటన్‌పేటలో మా సందు సంఘం దగ్గర, ఎండుమిరపకాయల బస్తాల మీద కూర్చుని, తుమ్ముకుంటూ నేర్చుకున్నాను.

ఇది డెబ్బైల చివరి మాట. మా సందులో ముప్పై ఎనిమిది గడపలు. సగానికి పైగా తెలుగువాళ్ళం, మిగిలినవాళ్ళు కన్నడం, తమిళం, ఉర్దూ. ఎవరింట్లో ఏది మాట్లాడినా కుళాయి దగ్గరికి వస్తే మాత్రం అందరిదీ అన్నీ కలిసిన ఒకటే భాష. మా సంఘానికి బోర్డు లేదు, రబ్బరుముద్ర లేదు. నెలలో మొదటి ఆదివారం మిరపకాయల మండీ వసారాలో కూర్చోవడమే సంఘం. మొదట్లో పొద్దున పదింటికి కూర్చునేవారట. సందులో రెండిళ్ళలో ఉండే ఆసుపత్రి నర్సమ్మలు ఆ వేళకు చర్చిలో ఉంటారని, వాళ్ళు అడగకముందే పదకొండున్నరకు మార్చారు.

మాట్లాడబోయే విషయాన్ని మూడు రోజుల ముందే పలక మీద సుద్దముక్కతో రాసి, కుళాయి పక్కన కరెంటు స్తంభానికి వేలాడదీసేవారు. పలక మీద లేని మాట ఆ రోజు ఎత్తకూడదు. గడపకు ఒక మాట, ఇంటి నుంచి ఎవరు వస్తే వాళ్ళదే ఆ ఇంటి మాట. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి నోరు తెరవకూడదు. మండీ పెద్దాయన అధ్యక్షుడు. ఆయనకు కుడిచెవి వినపడదు. బాగా అరిచే మనిషిని ప్రేమగా పిలిచి కుడిపక్కన కూర్చోబెట్టుకునేవారు. అరిచినవాళ్ళకు అరిచిన తృప్తి, ఆయనకు ప్రశాంతత. మూలింటి దర్జీ కార్యదర్శి, కన్నడంలో రాసుకుని తెలుగులో చదివి వినిపించేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరి కట్టుబాటు ఒక ఎత్తు. ఏ విషయమైనా చేతులెత్తి తేల్చాక, ఆ తీర్మానాన్ని ఇంటింటికీ వెళ్ళి చెప్పవలసింది గెలిచినవాళ్ళు కాదు, ఓడినవాళ్ళు. ఏం తేలిందో చెబితే చాలదు, ఎందుకు అలా తేలిందో కూడా చెప్పాలి. సందు మొదట్నుంచి మొదలుపెట్టి, తన ఇంటికి అందరికంటే చివర చెప్పుకోవాలి. ప్రతి ఇంటివాళ్ళూ "విన్నాం" అనాలి. ఒప్పుకున్నామని కాదు, విన్నామని. ముప్పై ఎనిమిదో గడప కూడా "విన్నాం" అనేదాకా పని మొదలుకాదు.

నేను సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తల్లో, టీచరమ్మ తెలివి చూపిద్దామని, ఓడినవాళ్ళు మొండికేసి ఇల్లు కదలకపోతే ఏమిటని అడిగాను. కదలకపోతే ఆగిపోతుందన్నారు పెద్దాయన. ఇంతవరకూ ఎవరూ ఆపలేదని కూడా అన్నారు.

"గెలిచినోడు పోయి చెప్తే వినేవాళ్ళకు కోపం వస్తాదమ్మా. ఓడినోడే వచ్చి చెప్తే ఇంక కొట్లాడేదానికి ఎవరుండారు?"

నవ్వుకున్నాను కానీ, తర్వాత కళ్ళారా చూశాను. తన ఇంటి ఎదుటికి చెత్తకుండీ రావడానికి వీల్లేదని గంటసేపు అరిచి ఓడిన బియ్యం వ్యాపారి, మర్నాడు మొహం మాడ్చుకుని బయల్దేరాడు. పదిళ్ళు తిరిగి పది చోట్లా కాఫీ తాగేసరికి, కుండీ అక్కడే ఎందుకు ఉండాలో ఆయనే మాకు విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. అంత మంచి ఏర్పాటును నేను ఎక్కడా చదవలేదు. నా దాకా వచ్చేవరకూ దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను.

అప్పట్లో ఇంట్లో అవ్వ, నేను, ఇద్దరమే. నాన్న దొడ్డబళ్ళాపురంలో మగ్గాల మీద పని చూసుకునేవాడు, అమ్మ కూడా అక్కడే. సందు సరిగ్గా మలుపు తిరిగే చోట మా ఇల్లు. ఇంటి ముందు వీధిలోకి పొడుచుకొచ్చిన రాతి అరుగు. అవ్వ దాన్ని తిన్నె అనేది. ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి. పొద్దున కాఫీ తాగి తిన్నె మీదికి చేరితే, దీపాలు పెట్టే వేళకు గానీ లోపలికి వచ్చేది కాదు. ఆకుకూర వలిచేది, దారినపోయేవాళ్ళను నిలబెట్టి మాట్లాడించేది, కూర్చోబెట్టి కష్టం వినేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం, సందు చివర ఇస్త్రీ బండి అతని భార్యకు నొప్పులు మొదలయ్యాయి. ఆటో మలుపు దాకా వచ్చింది. మా అరుగు అడ్డం ఉండి తిరగలేకపోయింది. నలుగురు ఆమెను చెక్క కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగదని తేలిపోయింది. మా అరుగు మీదే పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ చీరలు అడ్డం పట్టారు, అవ్వ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది, నర్సమ్మ బిడ్డను తీసింది. ఆడపిల్ల. ఆ తర్వాత అదే ఆటోలో ఇద్దరినీ ఆసుపత్రికి పంపారు, వారంలో క్షేమంగా తిరిగొచ్చారు. ఆ రోజు నేను బడిలో ఉన్నాను. సాయంత్రం అందరూ చెబితే కథలా విన్నాను.

రెండు నెలలకు పలక మీద "మలుపు ఇంటి అరుగు తీసేయడం" అని కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నడవలేని ముసలావిడకు ఉన్నది ఆ నాలుగు రాళ్ళే, అవి కూడా వీళ్ళ కళ్ళలో పడ్డాయా అనిపించింది. పాఠానికి సిద్ధమైనట్టు సిద్ధమై వెళ్ళాను. అరుగే లేకపోతే ఆ రోజు ఆమె బురదలో కనేదని, బిడ్డను కాపాడిన అరుగునే పడగొడతారా అని అడిగాను. బాగా మాట్లాడానని నాకు నేనే సంతోషపడి కూర్చున్నాను.

ఇస్త్రీ అతను తన వంతు వచ్చినప్పుడు లేచి, ఒక్క మాట అన్నాడు.

"అక్కా, ఆటో మా ఇంటికాడికి వచ్చింటే తిన్నెతో పనేముండేది?"

చేతులెత్తితే నా వైపు నేనూ, సొంత అరుగు ఉన్న ఇంకొకాయనా మిగిలాం. అరుగు మాది కాబట్టి చెప్పవలసిన పని నాది.

సోమవారం బడి నుంచి వచ్చి బయల్దేరాను. మొదటి పదిళ్ళలో ఎలా చెప్పానో తల్చుకుంటే సిగ్గేస్తుంది. రోడ్డు మీద నోటీసు చదివినట్టు ఊపిరి తిప్పుకోకుండా చదివేసి, వాళ్ళు "విన్నాం" అనగానే తిరిగి చూడకుండా వచ్చేసేదాన్ని. మూడో రోజు సందు చివరికి చేరాను. ఇస్త్రీ అతను బండి దగ్గర ఉన్నాడు, ఇంట్లో ఆమె, ఒళ్ళో బిడ్డ. అరుగు తీసేయాలని తేలింది, ఎందుకంటే అన్నాను. అక్కడ ఆగి బిడ్డ వైపు చూశాను. ఎందుకంటే అన్న దానికి జవాబు నా ఎదురుగా పాలు తాగుతోంది. ఆమె తొందరపెట్టలేదు, మాట అందించలేదు. నీకు నొప్పులొచ్చిన రోజు ఆటో మా ఇంటి దగ్గరే ఆగిపోయింది కాబట్టి, అని మొత్తం నా నోటితోనే చెప్పాను. ఆమె బిడ్డను రెండో చేతికి మార్చుకుని, "విన్నాం అక్కా" అంది. అవ్వ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

గురువారానికి ముప్పై ఏడు గడపలు అయిపోయాయి. మిగిలింది మాదే. ఇంటికి వచ్చేసరికి అవ్వ అరుగు మీద గోంగూర వలుస్తూ, మొహం వాడిపోయింది, ఏమన్నా తిన్నావా అని అడిగింది. రేపు చెబుదామనుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రేపు మూడు వారాలు సాగింది. నేను పట్టుదలతో ఆపుతున్నానని పైకి పేరు పెట్టుకున్నాను. నిజానికి అది పిరికితనం. నీ అరుగు తీసేస్తున్నారని ఆ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ మూడు వారాలు మా సందువాళ్ళు ఉన్న తీరు గుర్తొస్తే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఒక్కరూ నన్ను ఎప్పుడు చెబుతావని అడగలేదు. దర్జీ పుస్తకంలో ముప్పై ఏడు టిక్కులు, ఒక ఖాళీ. గునపాలు మండీ వసారాలో గోడకు ఆనించి సిద్ధంగా ఉన్నాయి. పెద్దాయన ఎప్పటిలాగే "బడి అయిందామ్మా" అని పలకరించేవారు. ఇంకా గొప్ప సంగతి వేరే ఉంది. రోజూ పదిమంది వచ్చి ఆ అరుగు మీదే అవ్వ పక్కన కూర్చునేవాళ్ళు. వాళ్ళందరికీ విషయం తెలుసు. నోట్లో నువ్వుగింజ నానని ఎదురింటామె రోజుకు గంటసేపు కూర్చునేది. ఆమె కూడా పొక్కనివ్వలేదు. ఆ మాట చెప్పవలసింది నేను కాబట్టి, నా కోసం ముప్పై ఏడిళ్ళు నోరు కట్టేసుకున్నాయి.

ఒక శనివారం ఒంటిపూట బడి ముగించుకుని వచ్చాను. చెప్పులు విప్పుతుంటే అవ్వ అడిగింది.

"ఏమే, అందరిళ్ళూ తిరిగితివి. నా ఇంటికి ఎప్పుడు వస్తావు?"

నలభై ఏళ్ళుగా ఆ మలుపులో కూర్చున్న మనిషి. మొహం వేలాడేసుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళను ఎంతమందిని చూసి ఉంటుంది! ఇక్కడే చెబుతాలే అన్నాను. ఒప్పుకోలేదు. మిగతా ఇళ్ళకు ఎలా వెళ్ళానో అలాగే రమ్మంది. చేసేది లేక చెప్పులు వేసుకుని, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తిరిగొచ్చి మా గడప ముందే నిలబడ్డాను. అరుగు తీసేయాలని తేలిందని, ఎందుకు తేలిందో, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. చెబుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి.

అవ్వ "విన్నా" అనలేదు. చేతిలోని ఆకు పక్కన పెట్టింది.

"మా గడప మాట అని సంఘంలో చెప్తివే. నన్నడిగితివా?"

నీ కోసమే కదా అవ్వా అని నీళ్ళు నమిలాను.

"ఆ పొద్దు ఆయమ్మ తల నా తొడ మీద ఉండె. బిడ్డ ఏడ్చేదానికి ఎంతసేపు పట్టెనో నాకు తెలుసు. అప్పుడే అనుకుంటి, ఈ తిన్నె ఇంక వద్దని. ఎవురన్నా అడుగుతారేమో, చెప్దామని చూస్తా ఉంటి. అడగాల్సినదానివి నువ్వే గదా."

అప్పుడు అంది, "విన్నా" అని.

సంఘంలో మా ఇల్లు ఓడనే లేదు. ఓడింది నేనొక్కదాన్నే. ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒక మనిషిని అడగకుండా, ఆ మనిషి పేరు మీదే పోట్లాడి వచ్చాను. పిల్లలకు ఓటు గురించి పాఠం చెప్పేదాన్ని!

మర్నాడే మొదటి ఆదివారం. మా గడప మాట తప్పు రాయించానని దర్జీకి చెబితే, పలక మీద లేకపోయినా ఇది పాత మాటకు దిద్దుబాటే కదా అని, అది ఆ గడపే వచ్చి చెప్పాలన్నారు పెద్దాయన. అదే చెక్క కుర్చీలో నలుగురు అవ్వను మండీకి మోసుకెళ్ళారు. పెద్దాయన లేచి, బస్తా మార్చుకుని, వినపడే చెవి అవ్వ వైపు ఉండేలా కూర్చున్నారు. తిన్నె తీసేయండి, మా ఇంటికి అడ్డు లేదు అని చెప్పి, అవ్వ ఇంకొక మాట కూడా అంది. మాట్లాడేదానికి లేచిన ప్రతి మనిషినీ ముందు ఇంట్లో అడిగినావా అని అడగండి అంది. దర్జీ రాసుకున్నాడు. నేను ఆ సందు వదిలే వరకూ, అంటే ఎనభైలు సగం దాటేదాకా, ఆ ప్రశ్న అడగకుండా సంఘంలో ఎవరి మాటా మొదలవలేదు. పెద్దాయనంతటివారు కూడా ఒకసారి నాలుక కరుచుకుని, మమ్మల్నందరినీ బస్తాల మీద కూర్చోబెట్టి, భార్యను అడగడానికి ఇంటికి వెళ్ళొచ్చారు.

ఆ మధ్యాహ్నానికే అరుగు లేచిపోయింది. ఆ రాళ్ళను సందు చివర మోరీ మీద పరిచారు. మొదటి ఆటో పరీక్ష కోసం ఖాళీగా మలుపు తిరిగి వెళ్ళింది, అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ గడప లోపల నిలబడి, గోడ పట్టుకుని చూసింది. మా ఇంటి ముందు పచ్చిమన్ను మాత్రం మిగిలింది.

చెక్క కుర్చీని సంఘం అవ్వకే ఇచ్చేసింది. దాన్ని తీసుకుని అలవాటుగా వీధి గుమ్మం వైపు నడిచాను. రెండడుగులు వేశాక ఆగాను. వెనక్కి తిరిగి, ఎక్కడ వెయ్యమంటావు అవ్వా అని అడిగాను.

"నీ మేజా పక్కన వెయ్యి" అంది. "బయట యాల కూర్చుంటాననుకుంటివి? లోపల నువ్వు తలెత్తవు గదా."

నా మేజా పక్కన, నేను నోటుపుస్తకాలు దిద్దుకునే చోట కుర్చీ వేశాను. అవ్వ వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం పుస్తకాలు ఒక్కటీ దిద్దలేదు.