అడిగిన ధరకే ఇచ్చిన గాజులు

నా చిన్నప్పుడు, ఇంకా పదేళ్ళు నిండకముందే, ప్రొద్దుటూరు బజారులో ఎవరికీ లొంగని గాజుల మామను ఒక్క మాటతో పడగొట్టాను. డజను గాజులు ఆరణాలు. నేను రెండణాలన్నాను. ఆయన తలూపి ఇచ్చేశాడు. ఇంతటి బేరం మా వంశంలో ఎవరూ చేసి ఉండరని ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. నా జన్మలో అంతకంటే తెలివితక్కువ కొనుగోలు మరొకటి లేదు.

మాది బట్టలంగడి, పక్కనే ఆయన గాజులంగడి. మా ఇళ్ళలో పిల్లలకు మాటలతో పాటే బేరమూ వచ్చేది. మామ దగ్గర బేరమంటే మాత్రం పెద్ద తతంగం. ముందు ఆకాశాన్ని పట్టుకునేవాడు. "ఈ యేడు వాన రాదు పాపా. వచ్చినా పెన్నలోకే పోతాది, మన చేలల్లోకి రాదు." తర్వాత మనుషుల వంతు. "ఈ బజారులో ఊరికే నవ్వేవాడు ఎవడుండాడు? నవ్వినాడంటే అప్పు అడగతాడు." ఈ రెండూ అయినాక, ప్రాణం తీసి ఇస్తున్నట్టు ఒక్క అర్ధణా తగ్గించేవాడు. అంత చేదు మనిషి అంగట్లో ఎప్పుడూ నలుగురు ఆడవాళ్ళు నవ్వుతూ ఎందుకుండేవాళ్ళో నాకు అంతుబట్టేది కాదు.

ఆ రోజు ఆయన వానను తిట్టలేదు. ఎవరినీ దొంగ అనలేదు. గోడ వైపు చూస్తూ నా చేతికి గాజులెక్కించాడు. మామ చివరికి మంచివాడైపోయాడనుకున్నాను.

ఇంట్లో మా అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. గాజులు గలగలలాడించి ధర చెప్పాను. మెచ్చుకుంటుందనుకుంటే, తిట్టలేదా అని అడిగింది. లేదన్నాను.

"అడిగినంతకే ఇచ్చినాడా?" చింతపండు అట్లే వదిలేసి లేచింది. "పిచ్చిదానా, వాడు బేరం ఇడిసిపెట్నాడంటే తిండి గూడా ఇడిసిపెట్టింటాడు."

అది నిజమే. నాలుగు రోజులుగా ముద్ద మింగడం లేదని ఆయన భార్య చెప్పింది. ఎందుకో ఆమెకూ తెలియదు. ఇంట్లో ఎవరూ పోలేదు, వ్యాపారమూ చెడలేదు. ఏదో ఒక కారణం దొరికి ఉంటే మాకందరికీ సులువుగా ఉండేది.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం కాగానే అవ్వ సంగటి గిన్నె పట్టుకుని, నన్ను వెంటేసుకుని, ఆ అంగట్లో కూర్చునేది. డజను అణాకిస్తావా అనేది. తీసుకోక్కా అనేవాడాయన. "నాకొద్దు పో, రేపొస్తా" అని, రెండు ముద్దలు తినిపించి లేచేది. రోజురోజుకూ ధర ఇంకా తగ్గించి అడిగేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఎప్పుడూ ఏడుపుగొట్టు మాటలు మాట్లాడే మనిషి ఊరుకుంటే మంచిదే కదా అని ఒకసారి అడిగాను.

"వాన రాదని తిట్టేవాడు మబ్బు దిక్కు చూస్తానే ఉంటాడు పాపా. ఇప్పుడు వీడు చూడ్డంల్యా."

పదకొండో రోజు, గాజులు ఊరికే ఇచ్చి పైన తనకే ఒక అణా ఇమ్మని మామను అడిగింది అవ్వ. మామ మెల్లగా తలెత్తాడు.

"ఏందక్కా, నా అంగడి సత్రం మాదిరి కనపడతాండాదా? మీ అంగట్లో మా బావ గుడ్డలు ఊరికే ఇస్తాండాడా?"

గొంతు బొంగురుపోయి ఉంది. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు అరిచి, అరిపించుకుని, ఒక్క అర్ధణా తగ్గించుకుని డజను కొన్నది.

మామ పూర్తిగా బాగయ్యాడా అంటే చెప్పలేను. మధ్యమధ్య మళ్ళీ మాటలు తగ్గేవి, అవ్వ మళ్ళీ గిన్నె పట్టుకుని పోయేది. ఆ తిట్లే ఆ జబ్బుకు మొలకో, దాన్ని అడ్డుకుంటున్న కంచో, ఈ వయసులోనూ తేల్చుకోలేకున్నాను. జీవితమంతా సణుగుతూ నిక్షేపంగా బతికినవాళ్ళను చూశాను. ఒక్క చెడ్డ మాటా అనకుండానే లోలోపల కుంగిపోయినవాళ్ళనూ చూశాను.

ఉన్నదున్నట్టు లెక్క చెబితే, ఆ గాజుల ఖరీదు రెండణాలు కాదు. మా అవ్వవి పదకొండు మధ్యాహ్నాలు, మనిషి ముఖం చూడకుండా ధర మాత్రమే చూసిన నా సంబరం. ఆ బాకీ ఇప్పటికీ తీరుస్తూనే ఉన్నాను. ఎవరైనా నేనడిగిన ధరకే సరేనంటే నా చెయ్యి సంచి దగ్గరే ఆగిపోతుంది. ముఖం చూసి, తిన్నావా అని అడుగుతాను. చాలామంది తొందరలో ఉంటారు, ఈ ముసలిదానికేం పట్టిందన్నట్టు చూస్తారు. ఇద్దరు మాత్రం, అడగ్గానే ఏడ్చారు.