బొమ్మ పడని డిస్కులు

పరాయి దేశాల సినిమాలంటే పుష్పలతకి ఇష్టం పుట్టింది హైదరాబాదులో. డెబ్భై నాలుగులో ఇంగ్లీషు లెక్చరర్ల శిక్షణ కోసం వెళ్లి ఓ ఏడాది అక్కడ హాస్టల్లో ఉంది. పక్క గది అమ్మాయి ఫిల్మ్ సొసైటీలో సభ్యురాలు. శనివారం సాయంత్రాలు తోడు రమ్మని లాక్కెళ్లేది. చిన్న హాలు, గోడకి కట్టిన తెల్లటి తెర, వెనకాల టకటకమంటూ ప్రొజెక్టరు. హంగేరీవి, జపానువి, ఇటలీవి వేసేవారు. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఒక ముసలాయన బస్సు కోసం కాచుకుని కూర్చుంటే, ఆ బస్సు వచ్చేదాకా చూసేవాళ్లూ ఆయనతో కూర్చోవలసిందే. మొదటి రెండు సినిమాలకీ పుష్పలత నిద్రపోయింది. మూడోదానికి ఏడ్చింది. ఎందుకేడ్చిందో పక్క గది అమ్మాయికి చెప్పలేకపోయింది.

శిక్షణ అయ్యాక రాజోలు వచ్చేసింది. తండ్రి మిషన్ స్కూలు హెడ్మాస్టరుగా చేసి పోయారు. తమ్ముడు విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. ఇంట్లో తల్లి సుందరమ్మ, తను. ఉద్యోగం అమలాపురం కాలేజీలో. పొద్దున్నే బస్సెక్కి పాశర్లపూడి రేవులో దిగాలి, పడవలో గోదారి పాయ దాటాలి, అవతల బోడసకుర్రులో ఇంకో బస్సు పట్టుకోవాలి. సాయంత్రం మళ్లీ అదే వరస. సంబంధాలు కొన్ని వచ్చాయి, పోయాయి. తరవాత రావడం మానేశాయి. పడవలో చెక్కబల్ల మీద కూర్చుని ఒక్కోసారి ఆ హాలునీ, ఆ తెరనీ తలుచుకునేది. అలాంటి సినిమా మళ్లీ చూడాలంటే ఎక్కడికెళ్లాలో ఆమెకి తెలియదు. అడిగినా చెప్పేవాళ్లు ఈ గట్టునా లేరు, ఆ గట్టునా లేరు.

వెనక వీధిలో వీరవేణి ఉండేది. కొబ్బరికాయల దింపు తీస్తూ చెట్టు మీంచి పడి మొగుడు రామ్మూర్తి నడుం విరగ్గొట్టుకుంటే, ఇల్లు గడవడానికి కువైట్ పనికి బయల్దేరింది. పాస్‌పోర్టు కాగితాలన్నీ పుష్పలతే రాసిపెట్టింది. వెళ్లేముందు వీరవేణి వచ్చి నిలబడింది.

“వీధిలో అందరూ దుప్పట్లనీ, సెంట్లనీ అడుగుతున్నారండి. మీకేం తెమ్మంటారక్కగారూ?”

“నాకు సినిమాలు కావాలే వేణీ,” అని నవ్వింది పుష్పలత. “ఏ దేశానివైనా సరే. పాటలూ ఫైట్లూ లేనివి.”

“ఆయ్, అలాగేనండి,” అంది వీరవేణి, చింతపండు తెమ్మంటే ఒప్పుకున్నంత తేలిగ్గా.

పుష్పలత ఆ మాట మరిచిపోయింది. వీరవేణి మరిచిపోలేదు. ఎనభై మూడులో సెలవు మీద వచ్చినప్పుడు చీరల మధ్య చుట్టి పెద్ద పెద్ద అట్టల కవర్లు తెచ్చింది. ఒక్కో కవర్లో గ్రామఫోన్ రికార్డంత పళ్లెం, అద్దంలా ధగధగలాడుతోంది. ఆమె పనిచేసేది ఒక ఫ్రెంచి ఇంజినీరు ఇంట్లో. ఆ ఇంటి దొరగారికి సినిమాలంటే ప్రాణం. కొత్తవి కొన్నప్పుడల్లా పాతవాటిలో చాలనుకున్నవి తీసి పడేస్తుంటే, మా ఊళ్లో ఒకరికి కావాలని అడిగి పుచ్చుకుంది.

పుష్పలత కవర్లు తిప్పి చూసింది. వాటి మీద బొమ్మలు చూడగానే పోల్చుకుంది. మంచులో నడిచిపోతున్న మనుషులు, ఖాళీ వీధులు, కిటికీలోంచి చూస్తున్న ముసలమ్మ. తనకి కావలసిన సినిమాలు ఇవే. సంతోషం పట్టలేక ఒక డిస్కు తీసుకుని వీడియో షాపు తాతబ్బాయి దగ్గరికి పరిగెత్తింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“ఇందులో టేపెక్కడుందండీ మేడంగారూ? నా మిషన్లో ఇది పట్టదండి.”

పాపం, అతనే రాజమండ్రి వెళ్లినప్పుడు దాన్ని పట్టుకెళ్లి వాకబు చేసి వచ్చాడు. దీనికి వేరే మిషనుందనీ, బొంబాయిలో ఉంటే ఉండొచ్చు గాని ఈ చుట్టుపక్కల లేదనీ చెప్పాడు. ఆ సంగతి విని వీరవేణి మొహం వాడిపోయింది.

“అయ్యో, నాకేం తెలుసండీ! వాళ్లింట్లో అలా పెడితే ఇలా బొమ్మ పడిపోద్దండి. మిషను కూడా తేవాలని తోచలేదండి.”

“పోనీలే, నా దగ్గరుండనీ,” అంది పుష్పలత. మాట కోసం అన్నదే గాని, ఆ కవర్లని పెట్టెలో పెట్టడానికి మనసొప్పలేదు. బీరువాలో తండ్రి బైబిళ్ల పక్కన అర ఖాళీ చేసి వరసగా నిలబెట్టింది. వీరవేణి సెలవుకి వచ్చినప్పుడల్లా మరికొన్ని తెచ్చేది. “మిషను మారిస్తే పాతది నాకే ఇమ్మని చెప్పేనండి,” అనేది. వాళ్లు మిషను మార్చలేదు. అర నిండిపోయింది. ఒక్క బొమ్మ పడలేదు.

ఎనభై అయిదులో సుందరమ్మకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పగలు చూసుకోవడానికి పక్కింటి కనకమ్మ ఒప్పుకుంది. తక్కిన పనంతా పుష్పలతదే. ఇంటికొచ్చి, తల్లికి పక్క మార్చి, ఒళ్లు తుడిచి, అన్నం మెత్తగా పిసికి పెట్టి, మంచం పక్కన స్టూలు మీద కూర్చునేసరికి నడుం నిలిచేది కాదు. అప్పుడు సుందరమ్మ బీరువా వైపు చూసేది. ఆమె మాట ముద్దగా వచ్చేది.

“ఆ పళ్లేల్లో ఏవుందో చెప్పవే.”

ఏముందో పుష్పలతకి మాత్రం ఏం తెలుసు? కవరు వెనక ఫ్రెంచిలో రాసినదాంట్లో ఇంగ్లీషుకి దగ్గరగా ఉన్న మాటలు పట్టుకుని, బొమ్మ చూసి, కథ అల్లేది. సుందరమ్మకి బాగా నచ్చింది ఒకటుంది. రైల్వే స్టేషన్లో బల్ల మీద తలకి గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి, కాళ్ల దగ్గర పెట్టె.

“ఎక్కడికెళ్తంది పాపం?”

“వాళ్లక్కగారి ఊరమ్మా.”

మర్నాడు సాయంత్రం కూతురు చెప్పులు విప్పకముందే సుందరమ్మ అడిగింది. “బండొచ్చిందా?”

ఓపిక ఉన్న రోజున పుష్పలత బండిని రప్పించి, ఆవిడని ఎక్కించి, కిటికీ పక్కన సీటిచ్చి, దారిలో వచ్చే ఊళ్లన్నీ వర్ణించేది. ఆ ఊళ్లలో మంచు కురిసేది. తెల్ల గుర్రాలు కనపడేవి. ఓపిక లేని రోజున, “ఇంకా రాలేదమ్మా, లేటంట,” అనేది. సుందరమ్మ సగం మొహంతో నవ్వేది. “నీ బస్సులాగే,” అనేది.

ఈ లోపల ఊళ్లో మాట పుట్టింది. మేడంగారింట్లో బీరువా నిండా ఫారిన్ ఫిల్ములున్నాయట. ఫారిన్ ఫిల్మంటే ఆ రోజుల్లో జనానికి ఒకటే అర్థం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ప్రకాశరావు ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నారు.

“మీ నాన్నగారి పేరుంది కదమ్మా. సంఘంలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు.”

పుష్పలతకి కోపం రావలసింది. కోపానికి కూడా ఓపిక లేకపోయింది. లేచి డిస్కులన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“చూడండి బాబయ్యగారూ. వీటిలో ఏముందో చూడగలిగితే నాకూ చూపించండి. నేనింతవరకూ చూడలేదు.”

ఆయన ఒకటి తీసి పట్టుకున్నారు. అందులో తన మొహమే కనపడింది. అలవాటు కొద్దీ చెయ్యి క్రాపు మీదికి పోయింది. మంచం మీంచి సుందరమ్మ మాట వినపడింది.

“ప్రకాశం, ఆ కనపడేదే. అంతకంటే చెడ్డది అందులో లేదు.”

ఆయన తెల్లబోయి, అంతలోనే నవ్వేశారు. వెళ్తూ ప్రార్థన చేసి వెళ్లారు. ఆ తరవాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఎనభై ఏడు వర్షాకాలంలో సుందరమ్మ పోయింది. సమాధి కార్యక్రమం అయి, తమ్ముడు వెళ్లిపోయాక పుష్పలత కాలేజీకి బయల్దేరింది. అదే బస్సు, అదే రేవు. ఇప్పుడు సాయంత్రం త్వరగా రావలసిన అవసరం లేదు. అయినా అలవాటుగా పడవ దగ్గరికి గబగబా నడిచేది. బీరువా తలుపు తీయడం మానేసింది.

మరుసటి ఏడాది వీరవేణి మోకాళ్లు పాడైపోయి, ఇంక వెళ్లనంటూ వచ్చేసింది. ఫ్రెంచి వాళ్లు కూడా కువైట్ వదిలి వెళ్లిపోతూ ఆ మిషను ఆమెకే ఇచ్చేశారు. పెట్టె బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో ఆపితే అందులోని బట్టలు తీసేసి మిషను ఉంచుకుందట.

“మామ్మగారుండగా తేలేకపోయేనండి,” అంది గుమ్మంలోనే, కళ్లు తుడుచుకుంటూ.

ఒక ఆదివారం మధ్యాహ్నం తాతబ్బాయి వచ్చి టీవీకి వైరు తగిలించాడు. పుష్పలత బీరువా తెరిచి, వెతక్కుండానే స్టేషను కవరు తీసింది. మిషను గుర్రుమంది. బొమ్మ పడింది. ఫ్రెంచి మాటలు. కింద ఇంగ్లీషు అక్షరాలేవీ లేవు.

తలకి గుడ్డ కట్టుకున్న ఆవిడ అసలు ప్రయాణికురాలే కాదు. స్టేషన్ ఊడ్చే మనిషి. పెట్టె ఎవరో మరిచిపోయినది. దాన్ని ఎవరికప్పగించాలో తెలియక ఆఫీసులన్నీ తిరుగుతోంది. అక్కగారు లేరు, మంచు లేదు, గుర్రాలు లేవు. రెండేళ్లపాటు తను ఎక్కించి పంపిన మనిషి ఎక్కడికీ వెళ్లలేదు. ఇది అమ్మకి ఎలా చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించి, పుష్పలత ఆగిపోయింది.

సగంలో బొమ్మ ఆగితే వీరవేణి లేచి డిస్కు తిరగేసి పెట్టింది. తెర మీద ఆ మనిషి మళ్లీ చీపురు పట్టుకుంది. ఫ్యాను గాలి చల్లగా తగిలింది. ఇన్నేళ్లుగా చూడాలనుకున్నది ఎదురుగా ఆడుతుంటే, పుష్పలత కళ్లు వాలిపోయాయి. కుర్చీలో తల పక్కకి వాల్చి, గాఢంగా నిద్రపోయింది.

లేచేసరికి టీవీ ఆపేసి ఉంది. వీరవేణి కింద కూర్చుని మోకాళ్లకి నూనె రాసుకుంటోంది.

“అయిపోయిందా?”

“ఎప్పుడో అయిపోయిందండి. లేపబుద్ధి కాలేదండి.”

“చివరికేమైంది?”

వీరవేణి ఆలోచించింది. “ఏవోనండి. ఆవిడ ఇంటికెళ్లి, చెప్పులిప్పేసి, మంచం మీద కూచుందండి. అంతే. అలా చాలాసేపు కూచుందండి.”

“అంతేనా?”

“అంతేనండి. నాకు బాగానే ఉందండి.”

ఆ తరవాత ఆదివారాలు ఆరాధన నుంచి రాగానే ఇద్దరూ ఒక్కో డిస్కు పెట్టుకునేవారు. రామ్మూర్తిని కూడా చెయ్యి ఆసరా ఇచ్చి నడిపించుకొచ్చి గోడకి ఆనించి కూర్చోబెట్టేది వీరవేణి. బొమ్మ ఆడుతున్నంతసేపూ అతను మాట్లాడేవాడు కాదు గాని ఇంటికి తీసుకెళ్లమనేవాడూ కాదు. పుష్పలత కొన్ని పూర్తిగా చూసింది, కొన్నిటికి నిద్రపోయింది. నిద్రపోయినవాటి కథ మిగతా ఇద్దరూ చెప్పేవారు. చెరొక రకంగా చెప్పేవారు. ఏది నిజమో తేల్చుకోవడానికి మళ్లీ చూద్దామని అనుకునేవారు. ఈలోగా చీకటి పడేది, వీరవేణి మొగుణ్ణి లేవదీసుకుని వెళ్లేది. దిద్దవలసిన పేపర్లు ముందేసుకుని పుష్పలత కళ్లజోడు వెతుక్కునేది.